ఆరని చెక్ ఇంజన్ లైటుకి చవక ఓబీడీ అడాప్టరు: పాత బండికి ఎంతవరకు పనికొస్తుంది?

మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగి ఆరనంటున్న పాత బండికి బెంగళూరులో మామూలుగా జరిగే వైద్యం ఒకటే. కంప్యూటర్ పెడతారు, అది చూపిన కోడ్ (ఒక్కో లోపానికి ఉండే నంబరు) కొట్టేస్తారు, డబ్బు తీసుకుంటారు. మారతహళ్లి బ్రిడ్జి దాటేలోపో, వారం తిరిగేలోపో లైటు మళ్లీ హాజరు. రెండోసారి వెళ్తే ఆక్సిజన్ సెన్సరు (ఇంజన్ వదిలే పొగలో ఆక్సిజన్ కొలిచేది) మార్చమంటారు. మార్చాక కూడా లైటు వస్తే ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మీద అనుమానం మొదలవుతుంది, బిల్లు అయిదంకెల్లోకి పోతుంది.

ఈ రివ్యూ ఆ చక్రం నుంచి బయటపడటానికి జనం కొనే చిన్న వస్తువు గురించి. పేరు ఈఎల్ఎమ్327 బ్లూటూత్ అడాప్టరు. అగ్గిపెట్టెంత ఉంటుంది, బండి ఓబీడీ (తన లోపాల్ని బండి తానే గుర్తించి చెప్పే ఏర్పాటు) పోర్టులో గుచ్చి ఫోన్లో యాప్‌తో చూడాలి. ఆన్‌లైన్లో 400 నుంచి 2,000 రూపాయల మధ్య దొరుకుతుంది.

తీర్పు ముందే చెప్పేస్తే: పదేళ్లు దాటిన పెట్రోలు బండి ఉన్నవాళ్లు కొనుక్కోదగ్గదే. కాకపోతే కోడ్ చదివి చెరిపేయడానికి మాత్రమే వాడేట్టయితే ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకోవడం మేలు. దీని విలువంతా లైవ్ డేటాలో, అంటే ఇంజన్ నడుస్తుండగా సెన్సర్లు ఇచ్చే అంకెల్లో ఉంది. కోడ్‌లో ఏ సెన్సరు పేరుందో ఆ సెన్సరే పాడైందనుకుని మార్చడమంటే, ఫిర్యాదు ఇచ్చినవాణ్నే తీసుకెళ్లి లోపలేసినట్టు. ఆ సెన్సరు చాలాసార్లు తన పని తాను సరిగ్గా చేసుకుంటూ, ఇంకెక్కడో జరుగుతున్న తప్పుని చెబుతుంటుంది.

మీ బండితో మాట్లాడుతుందా

మన దేశంలో బీఎస్4 (భారత్ స్టేజ్ 4 పొగ నిబంధనల) కార్లకి ఓబీడీ తొలి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. బీఎస్4 మొదట అమలైన 13 నగరాల్లో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఉన్నాయి. మిగతా దేశానికి అది పూర్తిగా వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అందుకని 2013 తర్వాత బెంగళూరులో రిజిస్టరైన కారైతే అడాప్టరు పనిచేయడం దాదాపు ఖాయం. అదే సంవత్సరం అనంతపురంలోనో కడపలోనో కొని ఉద్యోగంతో పాటు ఇక్కడికి తెచ్చుకున్న బండైతే అది బీఎస్3 కావచ్చు. కొనేముందు ఆర్సీలో ఎమిషన్ నార్మ్స్ గడి చూసుకోండి.

పోర్టు స్టీరింగ్ కింద, ఫ్యూజ్ బాక్సు దగ్గర్లో ఉంటుంది. 16 గడులు. పోర్టు ఉంది కదా అని తొందరపడొద్దు. 2010కి ముందు బండ్లలో అదే ఆకారం పోర్టు ఉన్నా లోపల భాష కంపెనీ సొంతం అయివుండొచ్చు. టార్చి వేసి చూడండి. 16వ గడిలో బ్యాటరీ కరెంటు, 4, 5లో ఎర్త్ ఎలాగూ ఉంటాయి. 6, 14 గడుల్లో లోహపు పిన్నులు కనబడితే బండి మాట్లాడేది క్యాన్ అనే కొత్త పద్ధతిలో, దాదాపు ఏ అడాప్టరైనా కనెక్ట్ అవుతుంది. అవి ఖాళీగా ఉండి 7వ గడిలో పిన్ను ఉంటే కే-లైన్ అనే పాత పద్ధతి. అప్పుడు అడాప్టరు ఎంపికలో జాగ్రత్త పడాలి.

అట్ట మీది నంబర్ల తమాషా

ఈ చిప్పు తయారుచేసింది ఈఎల్ఎమ్ ఎలక్ట్రానిక్స్ అనే కెనడా కంపెనీ. అది 2022లో మూతపడింది. బజార్లో చవకగా అమ్మేవన్నీ నకళ్లే. అట్ట మీద వి1.5 అని ఉంటుంది, వి2.1 అని ఉంటుంది. రెండోది కొత్తదనుకుని జనం అదే తీసుకుంటారు. తమాషా ఏంటంటే అసలు కంపెనీ 1.5 అనే నంబరుతో చిప్పునే విడుదల చేయలేదు. అయినా నకళ్లలో 1.5 అని రాసినవే ఎక్కువ కమాండ్లకి జవాబిస్తాయి. 2.1 అని రాసిన బొటనవేలంత నీలం ముక్కల్లో చాలావాటికి కే-లైన్ రాదు. క్యాన్ బండ్లలో కూడా అడిగిన డేటాలో సగం ఖాళీగా చూపిస్తాయి.

వచ్చిన రోజే పరీక్షించండి, రిటర్న్ గడువు దాటనివ్వకండి. అడాప్టరు ఏ కమాండ్లకి జవాబిస్తుందో చూపించే ఉచిత యాప్‌లు ప్లే స్టోర్లో ఉన్నాయి. ఐఫోన్ వాళ్లు ఇంకో విషయం గమనించాలి: మామూలు బ్లూటూత్ అడాప్టరు ఐఫోన్‌కి కనబడదు. బ్లూటూత్ ఎల్ఈ రకం గానీ, వైఫై రకం గానీ తీసుకోవాలి. వైఫై రకానికి యాప్‌లో 192.168.0.10 చిరునామా, 35000 పోర్టు ఇవ్వాలి. డబ్బుకి వెనకాడకపోతే ఓబీడీలింక్ లాంటివి నకళ్లకంటే చాలా వేగంగా, నమ్మకంగా పనిచేస్తాయి, ధర మాత్రం కొన్ని వేలల్లో ఉంటుంది. ఇంట్లో ఒక్క బండికి అంత అక్కర్లేదు.

తగిలించడం

ఇగ్నిషన్ ఆపి అడాప్టరు గుచ్చండి. పాత బండ్లలో పోర్టు సాకెట్టే ఊగుతుంటుంది, ఒక చేత్తో వెనక పట్టుకుని నొక్కాలి. తర్వాత తాళం ఆన్‌లోకి తిప్పండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. ఈ సమయంలో చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరాలి. తాళం తిప్పినా అసలు వెలగకపోతే బల్బు పోయిందో, ఎవరైనా పీకేశారో! సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

ఫోన్లో బ్లూటూత్ జత చేసేటప్పుడు పిన్ 1234, కాకపోతే 0000. ఆండ్రాయిడ్‌లో యాప్‌కి లొకేషన్, దగ్గర్లోని పరికరాల అనుమతులు ఇవ్వకపోతే అడాప్టరు లిస్టులోకే రాదు. "పనిచేయట్లేదు" అంటూ ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లలో కొందరి సమస్య ఇంతే అయివుంటుంది. యాప్‌ల విషయానికొస్తే కార్ స్కానర్ ఈఎల్ఎమ్ ఓబీడీ2 కొత్తవాళ్లకి తేలిక. టార్క్ ప్రో చూడ్డానికి పాతబడినా గ్రాఫులకి బాగుంటుంది. కే-లైన్ బండిలో ఆటో ప్రోటోకాల్ మీద తిరుగుతూనే ఉంటే సెట్టింగ్స్‌లో ఐఎస్ఓ 14230 కేడబ్ల్యూపీ అని చేత్తో ఎంచుకోండి.

పని అయ్యాక అడాప్టరు పీకేయాలి. 16వ పిన్ను తాళం తీసినా కరెంటు ఇస్తూనే ఉంటుంది. చవక అడాప్టరు 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకి సుమారు 1 ఆంపియర్ అవర్. చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అదీ వయసైపోయింది. పండక్కి ఊరెళ్లి పది రోజుల తర్వాత వచ్చి తాళం తిప్పితే టక్ టక్ మంటుంది.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్

చాలామంది చేసే తప్పు ఇక్కడే. కోడ్ కనబడగానే క్లియర్ నొక్కేస్తారు. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఆర్పీఎమ్ ఎంత, వేడి ఎంత, లోడ్ ఎంత, ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు దిద్దుబాటు) ఎంత అన్నది ఈసీయూ ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. దాని పేరు ఫ్రీజ్ ఫ్రేమ్. క్లియర్ కొడితే అదీ పోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. చల్లని ఇంజన్‌తో ఐడిల్‌లో (బండి నిలబడి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతుండగా) పడిన కోడ్‌కి, 90 డిగ్రీల వేడిలో 80 వేగంతో పోతుంటే పడిన కోడ్‌కి వెతకాల్సిన చోట్లు వేరు.

ఇంకో సంగతి. చాలా తప్పుల్ని ఈసీయూ మొదటి ప్రయాణంలో పెండింగ్‌లో ఉంచుకుంటుంది. రెండో ప్రయాణంలో కూడా కనబడితేనే లైటు వెలిగిస్తుంది. అందుకే కోడ్ కొట్టేసిన రోజు చాలాసార్లు లైటు రాదు, రెండో రోజో మూడో రోజో వస్తుంది. గ్యారేజీవాళ్లు "క్లియరైపోయింది సార్" అనేది ఈ సందులోనే. మీ చేతిలో అడాప్టరు ఉంటే పెండింగ్ కోడ్‌లు చూసి ఆ సాయంత్రమే తేల్చేయొచ్చు.

పి0171: ఈ అడాప్టరు తన ధర రాబట్టుకునే చోటు

పి0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఈ కోడ్‌కి అలవాటుగా మార్చేది ముందరి ఆక్సిజన్ సెన్సరు. దాని తప్పు ఉండటం అరుదు. చూడాల్సింది రెండు అంకెలు: షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. ఈసీయూ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో, తగ్గిస్తోందో ఇవి చెబుతాయి. రెండూ కలిపి 10 శాతం లోపు అటూ ఇటూ ఉంటే కంగారు అక్కర్లేదు. 25 చుట్టుపక్కలకి చేరితే పి0171 పడుతుంది.

ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, ఏసీ ఆపి, ముందు ఐడిల్‌లో చూడండి. తర్వాత 2,500 ఆర్పీఎమ్ దగ్గర అరనిమిషం నిలిపి చూడండి. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +19 ఉండి 2,500లో +6కి దిగిందనుకోండి, అది గాలి లీకు. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగగాలి వాటా పెద్దది. వేగం పెంచితే అదే లీకు లెక్కలోకి రాకుండా పోతుంది. తల్లకిందులుగా, ఐడిల్‌లో బాగుండి లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ ఎగబాకితే పెట్రోలు సరఫరా చూడాలి: పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు. పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో ప్రెషర్ సుమారు 3 నుంచి 4 బార్ ఉండాలి. అది కొలవడానికి గేజి కావాలి, ఫోన్ చెప్పదు. రెండు చోట్లా సమానంగా ఎక్కువ ఉంటే ఎయిర్‌ఫ్లో సెన్సరు మురికో, ఆక్సిజన్ సెన్సరుకి ముందు సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకో.

గాలి లీకు వెతకడం ఇలా. పాత బండిలో మొదటి నిందితుడు పీసీవీ హోస్. వాల్వ్ కవర్ నుంచి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలకి) పోయే వేలెడు లావు రబ్బరు గొట్టం. పైన చూస్తే నున్నగానే ఉంటుంది, వంపు దగ్గర కింది వైపు చీలుతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా యాప్‌లో షార్ట్ టర్మ్ ట్రిమ్ గ్రాఫ్ పెట్టుకుని, హోస్‌కి బట్ట చుట్టి మ్యానిఫోల్డ్ వైపు చివర కటింగ్ ప్లేయరుతో మెల్లిగా నొక్కండి. గ్రాఫ్ ఒక్కసారిగా మైనస్‌లోకి పడిపోయిందంటే, ఐడిల్ దిగబడిందంటే దొంగ దొరికినట్టే. కొత్త హోస్ ఖరీదు ఆక్సిజన్ సెన్సరు ఖరీదులో పిసరంత. తర్వాత బ్రేక్ బూస్టర్ గొట్టం: ఐడిల్‌లో బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు బుస్సుమని శబ్దం వచ్చి ట్రిమ్ మారితే లీకు అక్కడ. ఆ తర్వాత ఇంజెక్టర్ల ఓ-రింగులు, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్. కార్బ్ క్లీనర్ స్ప్రేతో వెతికే పద్ధతి ఉంది గానీ వేడి సైలెన్సర్ మీద పడితే భగ్గుమంటుంది. స్ప్రే చేయాల్సి వస్తే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, అపార్టుమెంటు బేస్‌మెంట్‌లో కాకుండా ఆరుబయటే. అంతకంటే గ్యారేజీలో స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి లీకు పట్టడం) చేయించడం నయం.

ఇక్కడ ఒక మెలిక. గాలిని నేరుగా కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సరు బదులు మ్యానిఫోల్డ్ ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సరుతో నడిచే చిన్న కార్లు మన దగ్గర చాలా. వాటిలో దొంగగాలి దూరినా మ్యానిఫోల్డ్ ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోలూ పోసేస్తుంది. అందుకని ట్రిమ్ అంతగా కదలదు, ఐడిల్ ఆర్పీఎమ్ మాత్రం 750 ఉండాల్సింది 1,100 దగ్గర వేలాడుతుంది. యూట్యూబ్ పాఠాల్లో ఎక్కువ భాగం ఎయిర్‌ఫ్లో సెన్సరు బండ్ల కోసం చెప్పినవి. ముందు మీ బండి ఏ రకమో తేల్చుకోండి. యాప్‌లో ఎమ్ఏఎఫ్ (ఎయిర్‌ఫ్లో) గడి ఖాళీగా ఉండి ఎమ్ఏపీ (మ్యాప్) గడిలో అంకె వస్తే సాధారణంగా మీది రెండో రకం.

బెంగళూరు వాళ్లు మరీ పొరపడే అంకె ఇంకొకటుంది. తాళం ఆన్‌లో పెట్టి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మ్యాప్ సెన్సరు బయటి గాలి ఒత్తిడినే చూపాలి. పాఠాల్లో 101 కిలోపాస్కల్ అని చెబుతారు. అది సముద్రమట్టం లెక్క, చెన్నైలో సరిపోతుంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు మీద ఉంది. ఇక్కడ 91 చుట్టూ చూపిస్తే సెన్సరు భేషుగ్గా ఉన్నట్టు. ఇక్కడ 101 చూపిస్తేనే అనుమానించాలి. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో 30 నుంచి 40 మధ్యకి దిగాలి.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. ఇథనాల్ మండటానికి మామూలు పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు, అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. శుద్ధ పెట్రోలుకి గాలి నిష్పత్తి 14.7 అయితే ఈ20కి సుమారు 13.5. పాత లెక్కలతో పుట్టిన ఈసీయూ ఆ తేడాని ట్రిమ్‌తో పూడ్చుకుంటుంది. లాంగ్ టర్మ్ +5 నుంచి +9 దాకా కనబడటం దీనివల్లే కావచ్చు. అదొక్కటే లైటు వెలిగించదు. కానీ ముందే +15 దగ్గర నెట్టుకొస్తున్న బండిని గీత దాటించగలదు. లోపం ఇథనాల్‌దని తిట్టుకుంటూ హోస్ చీలికని వదిలేసేవాళ్లు చాలామంది.

పి0420: మార్చేముందు రెండు గీతలు చూడండి

సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ పొగని సరిగ్గా శుభ్రం చేయట్లేదని దీనర్థం. ఖరీదైన కోడ్. ఇంజన్ వేడెక్కాక 2,500 ఆర్పీఎమ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచి, కన్వర్టర్‌కి ముందున్న సెన్సరు వోల్టేజీ, వెనకున్నదాని వోల్టేజీ ఒకే గ్రాఫ్‌లో పెట్టండి. వేరే గడులన్నీ తీసేయాలి. చవక అడాప్టరు, అందులోనూ కే-లైన్ బండిలో, సెకనుకి నాలుగైదు అంకెలు తేవడానికే ఆయాసపడుతుంది. పది గడులు పెడితే గ్రాఫ్ మెట్లు మెట్లుగా వచ్చి ఏమీ అర్థం కాదు. ముందరి గీత 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఊగాలి. వెనకది 0.6, 0.7 దగ్గర దాదాపు నిశ్చలంగా ఉండాలి. వెనకది కూడా ముందరిదానికి అద్దం పట్టినట్టు ఊగుతుంటే కన్వర్టర్ అయిపోయింది, లేదా ఆ మధ్యలో ఎక్కడో సైలెన్సర్ లీకు. కొన్ని బండ్లలో ముందరిది వైడ్‌బ్యాండ్ సెన్సరు, దానికి ఈ లెక్క వర్తించదు.

కన్వర్టర్ దానంతటదే చావదు. ఇంజన్ ఆయిల్ కాలుస్తుంటే, మిస్సింగ్‌తో నెలల తరబడి తిప్పితే, కూలెంట్ లోపలికి పోతుంటే చంపబడుతుంది. కారణం సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ అదే దారిన పోతుంది. చవక కన్వర్టర్లలో విలువైన లోహాలు తక్కువ, కొన్ని నెలలకే కోడ్ తిరిగొస్తుంది. వెనక సెన్సరు కింద గొట్టం ముక్క పెట్టి ఈసీయూని ఏమార్చే ఉపాయం కొందరు అమ్ముతారు. అది పొగని తగ్గించదు, లైటుని మాత్రమే ఆపుతుంది.

మిస్సింగ్ కోడ్‌లు

మిస్సింగ్ అంటే ఏదో సిలిండరులో పెట్రోలు సరిగ్గా మండకపోవడం. పి0301 నుంచి పి0304 వరకు చివరి అంకె సిలిండరుది. లైటు మిణుకు మిణుకుమంటుంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి, కాలని పెట్రోలు కన్వర్టర్‌ని కాల్చేస్తోందని దానర్థం. పరీక్ష తేలిక. పి0302 వస్తే 2వ సిలిండర్ కాయిల్‌ని (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేదాన్ని) 3వ దానికి, 3వ దాన్ని 2కి మార్చి, కోడ్ కొట్టేసి తిప్పండి. కోడ్ పి0303 అయితే కాయిల్ దోషి. కదలకపోతే ప్లగ్గులు మార్చి చూడండి, తర్వాత ఇంజెక్టరు, చివరికి కంప్రెషన్. రెండేసి సిలిండర్లకి ఒకే కాయిల్ ఉన్న పాత బండ్లలో ఈ మార్పిడి కుదరదు, ప్లగ్గు వైర్లతోనే మొదలుపెట్టాలి. కంప్రెషన్‌లో సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటకూడదు. పుస్తకంలో రాసిన అంకె కంటే అన్నీ సమానంగా కొంచెం తక్కువొస్తే ఇంజన్ పోయిందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. ఇక్కడి ఎత్తులో గేజి ఎలాగూ తక్కువే చూపిస్తుంది.

హీటరు కోడ్, ఎలుక

పి0135 అంటే ఆక్సిజన్ సెన్సరు లోపలి హీటరు సర్క్యూట్. సెన్సరు కొనేముందు ఫ్యూజు చూడండి. కనెక్టరు ఊడదీసి ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య మల్టీమీటరుతో కొలవండి: చల్లగా ఉన్నప్పుడు సుమారు 3 నుంచి 15 ఓమ్‌లు వస్తే హీటరు బతికే ఉంది. అప్పుడు వైరింగ్ చూడాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం సామెతే అనుకుంటాం, బెంగళూరు అపార్టుమెంటు బేస్‌మెంట్లలో మాత్రం అక్షరాలా అదే జరుగుతుంది. ఇంజన్ వెచ్చదనానికి చేరి ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బ్యాటరీ ట్రే కింద, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర ఎలుక పెంటికలు, పీచు కనబడితే సెన్సరు బేరం ఆపేసి వైరింగ్ హార్నెస్ వెంబడి వెతకండి.

సెన్సరు నిజంగానే పోతే బెంగళూరు స్పేర్ పార్టుల బజారు జేసీ రోడ్డుకి పాతది చేతిలో పట్టుకెళ్లండి. దాని మీది పార్టు నంబరు, కనెక్టరు ఆకారం, వైరు పొడవు మూడూ సరిపోవాలి. మర మామూలుగా ఎమ్18×1.5, పానా 22. వైర్లు కోసి అతికించే యూనివర్సల్ రకం వద్దు. కంపెనీని బట్టి వైర్ల రంగులు మారతాయి, ఒకటి తారుమారైతే కొత్త తలనొప్పి.

ఉదయాన్నే రెండు నిమిషాల పరీక్ష

రాత్రంతా ఆగిన బండికి పొద్దున తాళం ఆన్ చేసి కూలెంట్ ఉష్ణోగ్రత, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూడండి. రెండూ దాదాపు సమానంగా, బయటి వేడికి దగ్గరగా ఉండాలి. ఒకటి 20, ఇంకొకటి -40 అంటే ఆ సెన్సరు వైరు తెగింది. స్టార్ట్ చేశాక కూలెంట్ 80, 90 మధ్యకి చేరి నిలవాలి. ఖాళీ రోడ్డు మీద 60కి జారిపోతుంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని మూత) తెరుచుకుని ఇరుక్కుంది, లేదా ఏ పాత మెకానిక్కో వేడెక్కకుండా ఉంటుందని తీసి పారేశాడు. ఇంజన్ చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందో అని బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లు ఈ ఒక్క అంకె చూస్తే చాలు. వోల్టేజీ ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 ఉండాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే సంబంధం లేని కోడ్‌లు గుంపుగా పడతాయి. నాలుగైదు కోడ్‌లు ఒకేసారి వస్తే మొదటి అనుమానం బ్యాటరీ మీద, ఎర్త్ వైరు మీద పెట్టుకోండి.

బాగుచేశాక

ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి కోడ్ చెరపండి. రెడీనెస్ మానిటర్లన్నీ (ఈసీయూ తనంతట తాను చేసుకునే పరీక్షలు) అసంపూర్ణం అని మారతాయి. అవి మళ్లీ పూర్తయ్యే వరకు బాగైందని అనుకోకూడదు. సిల్క్ బోర్డు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నెల తిరిగినా క్యాటలిస్ట్ మానిటర్ పూర్తి కాకపోవచ్చు, దానికి నిలకడైన వేగం కావాలి. చల్లని స్టార్ట్, రెండు నిమిషాల ఐడిల్, ఆపైన నైస్ రోడ్డు మీదో, ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ మీదో 60, 70 వేగంతో పది పదిహేను నిమిషాలు, మధ్యలో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనివ్వడం. ఆదివారం పొద్దున ఆరింటికి వెళ్తే ఒక్క రోజులో అయిపోతుంది. మీరు చెరపకపోయినా, తప్పు నిజంగా పోతే వరసగా మూడు ప్రయాణాలు సవ్యంగా సాగాక లైటు దానంతటదే ఆరుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఇదే తాళం చెవి. మానిటర్లు అసంపూర్ణంగా ఉండి, "కోడ్ చెరిపాక తిరిగిన దూరం" అన్న గడిలో 12 కిలోమీటర్లని ఉంటే, మీరు వస్తున్నారని తెలిసి పొద్దున్నే తుడిచారని అనుమానించాలి. ఆ గడి అన్ని బండ్లలో రాదు, వస్తే అబద్ధమాడదు.

దీనివల్ల కానివి

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల జోలికి చవక అడాప్టరు సాధారణంగా పోలేదు. పి1తో మొదలయ్యే కోడ్‌లు కంపెనీ సొంతవి, యాప్ చెప్పే అర్థం వేరే కంపెనీదై ఉండొచ్చు. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాక కొన్ని బండ్లకి అవసరమయ్యే ఐడిల్ రీలెర్న్ (ఐడిల్ వేగాన్ని ఈసీయూకి మళ్లీ నేర్పడం), డీజిల్ ఇంజెక్టర్ల కోడింగ్ దీంతో కావు. డీజిల్ బండికి ఇది సగం పనిముట్టే: ఈజీఆర్‌కి (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) పి0401, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి పోయే డీజిల్ ఒత్తిడి) తక్కువకి పి0087 చూపించగలదు గానీ ఇంజెక్టర్ల రిటర్న్ కొలవాలంటే గ్యారేజీకే పోవాలి. బయట బిగించిన సీఎన్జీ, ఎల్పీజీ కిట్ ఉన్న బండిలో ట్రిమ్ అంకెలు గ్యాస్ మీద నడిచినప్పుడు తప్పుదారి పట్టిస్తాయి, పెట్రోలు మీద పెట్టే చూడాలి. పెట్రోలు ట్యాంకు మూత బిగించి చూడమనే అమెరికా సలహా కూడా ఇక్కడి పాత కార్లలో చాలావాటికి వర్తించదు, ఆవిరి లీకు పరీక్షే వాటిలో ఉండదు.

కొనదలిస్తే 1,000 రూపాయల చుట్టుపక్కల, ఆన్-ఆఫ్ బటన్ ఉన్న వి1.5 రకం తీసుకోండి. దాంతోపాటు 300 రూపాయల మల్టీమీటరు. క్లచ్ కాలికి తగిలే చోట పోర్టు ఉన్న బండ్లలో బయటికి పొడుచుకొచ్చే అడాప్టరు గుచ్చి నడపొద్దు. ఒక అడుగు పొడవు ఓబీడీ ఎక్స్‌టెన్షన్ వైరు విడిగా దొరుకుతుంది, అదీ కార్టులో వేసుకోండి.